కాలువ చేను కంటే ఎత్తున ఉండాలి

సంపాదకులు గారికి,
నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ ఆటల మీద వేసిన వ్యాసం చదివాం. 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఊపందుకున్న ఈ ఆటలకి తెలుగు పత్రికలో అంత చోటు దొరకడం సంతోషమే. అయితే మ్యాపులు, టెర్రైన్ (బల్ల మీద పెట్టే నేల, కాలువ, ఇళ్ల నమూనాలు) తయారీ గురించి పక్కన బాక్సులో వేసిన సూచనలు మాత్రం ఏ చలిదేశం వాళ్ల కోసమో రాసినట్టున్నాయి. థర్మకోల్ మీద స్ప్రే పెయింట్ కొట్టమన్నారు. నదులు కలుస్తాయే గానీ ఎక్కడా చీలవన్నారు. సామానంతా విదేశాల నుంచి తెప్పించుకోవాలన్నారు. మొదటిది చేస్తే థర్మకోల్ కరిగిపోతుంది. రెండోది నమ్మితే గోదావరి డెల్టాని గీయలేం. మూడోదాని అవసరమే లేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా వేయగలరని మనవి.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలో పాత్ర వేస్తారు, అనుమానంగా ఉన్న ప్రతి పనినీ పాచిక తేలుస్తుంది. కొట్లాట వచ్చినప్పుడు ఎవరెక్కడున్నారో తెలియాలి కాబట్టి బల్ల మీద గళ్ల మ్యాపు పరుస్తారు. గడి ఒక అంగుళం, ఆటలో అది 5 అడుగులు. అంటే కొలత 1:60. పాత్రకి గుర్తుగా నిలబెట్టే బొమ్మ కింది బిళ్ల సాధారణంగా 25 మి.మీ., అంగుళానికి 25.4, కాబట్టి గడిలో చక్కగా ఇముడుతుంది. 30 అడుగుల వేగం ఉన్న పాత్ర ఒక వంతులో 6 గళ్లు నడుస్తుంది. బురదలోనో నీళ్లలోనో అయితే 3. మిగతా కొలతలన్నీ ఈ లెక్క నుంచే వస్తాయి.

స్కూలు గ్రాఫ్ కాగితం సెంటీమీటర్లది కాబట్టి చాలామంది గడిని 2.5 సెం.మీ.కి గీసేస్తారు. 24 గళ్లకి 60 సెం.మీ. వస్తుంది, రావలసింది 60.96. ఒక్క మ్యాపే అయితే ఫరవాలేదు. పక్కన అంగుళాల లెక్కన ప్రింటు తీసిన మ్యాపు ఆనించి పెడితే చివరికొచ్చేసరికి గీతలు దాదాపు సెంటీమీటరు తప్పుతాయి, ఏ బొమ్మ ఏ గడిలో ఉందో అని తగువు మొదలవుతుంది. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి ‘యాక్చువల్ సైజ్’ పెట్టమనండి. మొదటి కాగితం రాగానే స్కేలు పెట్టి 10 గళ్లు కొలవండి. సరిగ్గా 25.4 సెం.మీ. ఉండాలి. ఏ4 కాగితం మీద నిలువునా 11, అడ్డంగా 7 గళ్లే పెట్టుకోవాలి. అడ్డంగా ఎనిమిదోది కూడా లెక్కకి పడుతుంది గానీ అంచున మూడున్నర మిల్లీమీటర్లే మిగులుతుంది, ఆ మేర చాలా ప్రింటర్లు అచ్చు వేయవు.

పెద్ద మ్యాపుకి ఫ్లెక్స్ షాపే మేలు. 2 × 3 అడుగుల ఫ్లెక్స్ మీద 24 × 36 గళ్లు వస్తాయి. బొమ్మ ఫైలు 2400 × 3600 పిక్సెళ్లుంటే చాలు, బల్ల ఎత్తు నుంచి చూసేవాళ్లకి అంతకు మించి తేడా తెలియదు. మెరుపు లేని రకం అడగాలి, లేకపోతే ట్యూబులైటు దాని మీదే కనబడుతుంది. మడతపెడితే మడత దగ్గర రంగు తెల్లబారి మళ్లీ పోదు కాబట్టి చుట్టే పెట్టాలి. మార్కరుతో నేరుగా రాస్తే మరక దిగిపోతుంది. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు వేసుకుని దాని మీద రాసుకోవాలి.

ఇక నది సంగతి. ‘నదులు కలుస్తాయి, చీలవు’ అన్నది ఊహాలోకాల మ్యాపులు గీసేవాళ్లకి మొదటి రోజే చెప్పే సూత్రం. కొండప్రాంతానికి అది సరిగ్గా సరిపోతుంది. నీరు పల్లమెరుగు, ఉన్న పల్లాల్లో లోతైనదాన్నే ఎంచుకుంటుంది. సముద్రం దగ్గరపడేసరికి మాత్రం వాలు తగ్గిపోయి నది తను మోసుకొచ్చిన ఒండ్రుని దింపేస్తుంది. దాంతో తన అడుగునీ ఒడ్డునీ తనే ఎత్తు చేసుకుంటుంది. ఏదో ఒక వరదలో ఒడ్డు తెగుతుంది, తెగిన చోట పాయ పుడుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలడం, పి.గన్నవరం ప్రాంతంలో వసిష్ఠ నుంచి వైనతేయ విడివడడం చూసినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. గౌతమి యానాం మీదుగా, వైనతేయ ఓడలరేవు దగ్గర, వసిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఈ మూడు పాయల నడుమే కోనసీమ.

కాబట్టి మీ ఊహాలోకంలో డెల్టా ఉంటే నదిని నిర్భయంగా చీల్చండి. చీల్చేటప్పుడు ప్రతి పాయనీ అసలు నది కంటే సన్నగా గీయాలి. చాలామంది మూడు పాయలనీ మూల నదంత వెడల్పుగా గీసేస్తారు, నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదు. లంకల్ని కోడిగుడ్డు ఆకారంలో గీయకండి. ఎగువ కొస ప్రవాహం కోతకి మొండిగా, విరిగిన గట్టులా ఉంటుంది. దిగువ కొస ఇసుక మేటతో తోకలా సాగుతుంది. నది వంపు తిరిగిన చోట బయటి ఒడ్డు నిట్టనిలువుగా కోసుకుపోతుంది, లోపలి ఒడ్డున ఇసుక తిన్నె పరుచుకుంటుంది. ఆటలో ఇవి పనికొస్తాయి. పడవ ఎక్కడ ఆగగలదో, ఎక్కడి నుంచి పైకెక్కడం కష్టమో అడిగినప్పుడు జవాబు మ్యాపులోనే ఉంటుంది.

ప్రయాణాల మ్యాపుకి షడ్భుజి గళ్లు వాడతారు, గడికి 6 మైళ్లు, అంటే దాదాపు 10 కి.మీ. అన్నది ఎక్కువ మంది పాటించే కొలత. మన డెల్టాకి అది పనికిరాదు. ధవళేశ్వరం నుంచి అంతర్వేదికి గీత గీస్తే సుమారు 70 కి.మీ., అంటే 7 గళ్లు. కాలువలు, రేవులు, లంకలు, మడ అడవులు అన్నీ ఆ ఏడింటిలో ఎలా పడతాయి? గడికి 2 కి.మీ. పెట్టండి. 35 గళ్లవుతుంది. సెంటీమీటరు గళ్లతో ఏ3 కాగితం మీద పడుతుంది.

ఇక ఈ ఉత్తరానికి అసలు కారణం. డెల్టా టెర్రైన్ చేసేవాళ్లు చదునైన థర్మకోల్ మీద కందకం తవ్వి, నీలం రంగు పూసి, కాలువ అంటారు. అది కాలువ కాదు, మురుగు కాలువ. వరదకి నది ఒడ్డు పొర్లినప్పుడు ఇసుక, ముతక మట్టి ఒడ్డు పక్కనే పడిపోతాయి, సన్నటి బంకమట్టి దూరం వెళ్లి దిగుతుంది. అందువల్ల నదికి దగ్గరి నేల మెరక, దూరం పోయేకొద్దీ పల్లం. సాగునీరు మోటారు లేకుండా చేలోకి పారాలంటే కాలువ మెరక మీద నడవాలి, చేలో మిగిలిన నీరు దిగడానికి మురుగు కాలువ పల్లంలో నడవాలి. ఆర్థర్ కాటన్ 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు నీళ్లని ఎత్తు మీద నిలబెట్టింది ఇందుకే. బల్ల మీద కూడా నాలుగు మట్టాలు కనబడాలి: గట్టు, కాలువ నీరు, చేను, మురుగు.

బజారులో అర అంగుళం, అంగుళం థర్మకోల్ షీట్లు దొరుకుతాయి కాబట్టి మట్టాలు వాటితోనే తేలిపోతాయి. అడుగు × అడుగు 4 మి.మీ. ప్లైవుడ్ పలక తీసుకోండి. చేను ఉన్నచోట అర అంగుళం షీటు ఒకటి. కాలువ అడుగున అర అంగుళంవి రెండు. గట్టు కింద అర అంగుళం, దాని మీద అంగుళం. మురుగు కాలువకి ఏదీ వద్దు, నేరుగా ప్లైవుడ్ మీదే. 1:60 లెక్కన కాలువ నీరు చేను కంటే రెండున్నర అడుగుల ఎత్తున, గట్టు నీటికి మరో రెండున్నర అడుగుల పైన ఉంటుంది. గట్టు చాటున నక్కి కూర్చున్నవాణ్ణి చేలోంచి చూడగలరా అన్న ప్రశ్నకి స్కేలు పెట్టి కొలిస్తే చాలు.

పలకకి 12 గళ్లు. నడుమ 2 గళ్లు నీరు, అటూ ఇటూ ఒక్కో గడి గట్టు పైభాగం, ఒక్కో గడి వాలు. మొత్తం 6, మిగిలిన మూడేసి గళ్లు చేను. మురుగు కాలువకి ఓ పక్క చేలో చివరి గడి కేటాయించండి. మిగతా అంతా నడిమికి సమంగా ఉంది కాబట్టి పలకని తిప్పి పెట్టినా కాలువ, గట్టు కలుస్తాయి, మురుగు ఏ వైపు ఉందో చూసుకుంటే చాలు. వంపు తిరిగే పలక, మూడు దారుల పలక చేసినా కాలువ ప్రతి అంచునీ నడిమి రెండు గళ్లలోనే దాటాలన్న నియమం తప్పకూడదు. ఒక అంగుళం ఎత్తు దిగడానికి ఒక అంగుళం వాలు, అంటే 45 డిగ్రీలు. ఆ వాలు మీద బొమ్మ నిలవదు, జారిపోతుంది. పలకకి ఒకచోట గడి వెడల్పున మెట్లు కోసి రేవు చేయండి. ఊళ్లో కాలువకి రేవు ఎలాగూ ఉంటుంది, ఆటకి బొమ్మ నిలబడే చోటూ దొరుకుతుంది.

థర్మకోల్ కొనక్కర్లేదు కూడా. భీమవరం చుట్టుపక్కల రొయ్యలు, చేపలు ఐసులో ప్యాక్ చేసే పెట్టెలు పగిలినవి ఎన్నైనా దొరుకుతాయి. డిటర్జెంటుతో కడిగి రెండు పూటలు ఎండలో పెట్టాలి. వాసన కంటే ముఖ్యంగా ఉప్పు పోవాలి. ఉప్పు మిగిలితే తేమని లాగుతూ పైపూత పొలుసులుగా లేచిపోతుంది. కొయ్యడానికి కొత్త బ్లేడే వాడాలి. స్నాప్ కట్టరు బ్లేడు పొడుగ్గా బయటికి తీసి, పలకకి బాగా వాల్చి, నొక్కకుండా మూడు నాలుగు లాగుల్లో కోయాలి. అరిగిన బ్లేడు పూసల్ని కోయదు, పీకుతుంది. వేడి తీగతో కోస్తే నున్నగా వస్తుంది గానీ ఆ పొగ మంచిది కాదు, వరండాలో ఫ్యాను పెట్టుకుని కోయాలి. మిగిలిన ముక్కల్ని తగలబెట్టకండి.

రాతి గోడలకి మాత్రం పూసల థర్మకోల్ పనికిరాదు. డాబా వేడి తగ్గడానికి వేసే నీలం, గులాబీ రంగు గట్టి ఫోము షీటు చిన్న ముక్క సంపాదించండి. బాల్‌పెన్నుతో గీస్తే ఇటుక గీత నిలుస్తుంది, నలిపిన అల్యూమినియం ఫాయిల్ ఉండని అద్దితే రాయి గరుకు వస్తుంది. లాకు గోడలకి ఇదే వాడాలి. మన కాలువలు ఒకప్పుడు పడవల దారులు కూడా కాబట్టి నీటి మట్టం మారే చోట లాకులు కట్టారు. తలుపులు మూసి నీటిని ఎక్కించి దింపే ఆ గది కంటే ఉత్కంఠగా ఉండే కొట్లాట చోటు ఏ భూగర్భ కారాగారంలోనూ ఉండదని మా అభిప్రాయం. గది 6 గళ్ల పొడవు, 3 గళ్ల వెడల్పు చాలు. తలుపులు ఐస్‌క్రీం పుల్లలు. పి.గన్నవరంలో లాగా కాలువే నదిని దాటే అక్విడక్టు చేయాలనుకునేవాళ్లు తూముల వంపుకి 2 అంగుళాల పీవీసీ గొట్టాన్ని అచ్చుగా పెట్టి గీసుకోండి. వంపులన్నీ ఒక్కలా వస్తాయి.

అతికించడంలో డెల్టా తేమ మొదటి దెబ్బ కొడుతుంది. రెండు థర్మకోల్ షీట్ల మధ్య ఫెవికాల్ నిండా పూస్తే నీరు బయటికి పోయే దారి లేదు. అంచులు ఎండి, మధ్యలో వారం తర్వాత కూడా తెల్లగా పచ్చిగానే ఉంటుంది, వర్షాకాలంలో అయితే ఇంకా ఎక్కువే పడుతుంది. చుక్కలు చుక్కలుగా పెట్టి, కొబ్బరి చీపురు ఈనెలు అంగుళంన్నర ముక్కలు చేసి మేకుల్లా గుచ్చండి. పట్టు ఈనెలది, ఫెవికాల్ సాయం మాత్రమే. ఫెవిక్విక్ లాంటివి, చెప్పులకి వాడే రబ్బరు జిగురు థర్మకోల్‌ని తినేస్తాయి. స్ప్రే పెయింటు కూడా అంతే, అందులోని ద్రావకం తగిలినచోటల్లా గుంట పడుతుంది. గ్లూ గన్ జిగురు పట్టుకుంటుంది గానీ వేడి ఎక్కువైతే థర్మకోల్ కరుగుతుంది. పైగా మే నెల ఎండలో నిలిపిన కారులో అది మెత్తబడి అతుకులు ఊడతాయి. ఎక్కడికైనా తీసుకెళ్లే సామానుకి దాన్ని నమ్ముకోవద్దు.

తరువాత పైపూత. గోడలకి పెట్టే వైట్ సిమెంట్ వాల్ పుట్టీ 3 పాళ్లు, జల్లించిన ఇసుక 1 పాలు, ఫెవికాల్ 1 పాలు, దోసెల పిండిలా జారేంత నీరు. పుట్టీనే నీళ్లలో కొద్దికొద్దిగా వేస్తూ కలపాలి, తిరగేస్తే ఉండలు కడుతుంది. అరగంటలో వాడగలిగినంతే కలపండి. బ్రష్షుతో మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మందం పూత చాలు. ఒకేసారి 3 మి.మీ. దాటిస్తే ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది. బీటలు వారిన వేసవి నల్లరేగడి చేను కావాలనుకుంటే ఆ తప్పునే కావాలని చేయొచ్చు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ మన వర్షాకాలానికి తగదు. విప్పిన ప్యాకెట్ తేమ పీల్చుకుని నెల తిరగకుండా పట్టు కోల్పోతుంది.

ప్లైవుడ్‌కి రెండు వైపులా, నాలుగు అంచులకీ రంగు వేయడం మరవకండి. ఒక వైపే పూత పూస్తే ఎండేటప్పుడు ఆ వైపు ముడుచుకుని పలక గిన్నెలా లేస్తుంది, పక్క పలకతో అతుకు కలవదు. అట్ట వాడితే ఇది ఇంకా ఎక్కువ. ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన పలక) అయితే అంచుల్లోంచి తేమ తాగి ఉబ్బుతుంది. అట్టలు అతికించడానికి మైదా లై కాచేవాళ్లు పుస్తకాల బైండర్ల పద్ధతిలో చిటికెడు మైలుతుత్తం కలపాలి, లేకపోతే బొద్దింకలు, వెండిపురుగులు ఒక్క సీజనులో తినేస్తాయి. అది విషం. వంటింటి గిన్నెల్లో కాచకూడదు, పిల్లల చేతికివ్వకూడదు.

ఇసుక గోదావరిదే వాడాలి, సముద్రపు ఇసుక వద్దు. కారణం మళ్లీ ఉప్పే. టీ వడపోత గుండా జల్లించిన సన్న ఇసుక నేలకి, జల్లెడలో మిగిలిన ముతక గట్టు వాలుకి. ఫెవికాల్‌ని సమానం నీటితో పలచన చేసి పూసి ఇసుక చల్లండి, ఎండాక దులిపి, ఒక పాలు ఫెవికాల్‌కి రెండు పాళ్లు నీరు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి పైన చుక్కలుగా వదలండి. లిక్విడ్ వేయకపోతే ఆ నీళ్లు ఇసుకలోకి ఇంకవు, ముత్యాల్లా పైనే దొర్లి ఇసుకని పక్కకి నెట్టేస్తాయి.

కొబ్బరి పొట్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు మిల్లుల దగ్గర బస్తాలకి బస్తాలు ఉండే ఈ పొట్టు ఎండుటాకులకి, తోట అడుగుకి ఇంతకు మించినది లేదనిపిస్తుంది. అలాగే చల్లేస్తే పదిరోజుల్లో రెండు గొడవలు. పొట్టులోని వగరు జిగురు తడికి ఊరి, పైన వేసిన లేత రంగులన్నిటి మీదికీ టీ మరకలా తేలుతుంది. తేమ నిలిచి బూజు పడుతుంది. మందు ఒకటే. బకెట్లో నానబెట్టి, నీళ్లు పారబోసి మళ్లీ నానబెట్టి, వంపిన నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. గుడ్డలో పిండి, పల్చగా పరిచి, పిడికిట పట్టి వదిలితే పొడిగా రాలేదాకా ఎండబెట్టాలి. వర్షాల రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. పొట్టు ఫిబ్రవరిలో కడిగి మూత గట్టి డబ్బాలో దాచుకుంటే ఏడాదికి సరిపోతుంది. కోతమిల్లు రంపపు పొట్టు జల్లించి ఆకుపచ్చ ఆక్రిలిక్ రంగులో కలిపి ఎండబెడితే గడ్డి. దానికి ఈ వగరు బాధ తక్కువ.

వరిచేను చేయడంలో ఒక చిక్కుంది. నిజమైన వరసల దూరం 20 సెం.మీ. అనుకుంటే 1:60లో అది 3 మి.మీ. పైచిలుకు. అలా నాటితే బొమ్మ పెట్టడానికి చోటుండదు. గుండ్రటి బిళ్ల గడి మధ్యలో నిలబడితే నాలుగు మూలల్లో ఒక్కో మూల నుంచి బిళ్ల అంచుకి 5 మి.మీ. ఖాళీ మిగులుతుంది. దుబ్బులన్నీ ఆ మూలల్లోనే పెట్టండి. పురికొసని 12 మి.మీ. ముక్కలు చేసి, నాలుగైదు కలిపి ఫెవికాల్ చుక్కలో నిలబెట్టి, ఎండాక సూదితో విడదీసి, కొసలు మాత్రం కత్తిరించండి. నారు దశకి లేత ఆకుపచ్చ, పంట దశకి పసుపు ముంచిన గోధుమ రంగు. దుబ్బులే గడి మూలలు కాబట్టి చేను మీద గీతలు గీయక్కర్లేదు. ఆటగాళ్లు దుబ్బులు లెక్కపెట్టుకుంటారు, చేను చేనులాగే ఉంటుంది. గట్టు మీద, రోడ్డు మీద కూడా గీతలు గీయకుండా మూలకో చిన్న చుక్క పెట్టడమే మాకిష్టం.

కొబ్బరిచెట్టుని కొలతకి చేస్తే 60 అడుగుల చెట్టు బల్ల మీద అడుగు ఎత్తుంటుంది, చెయ్యి తగిలి పడిపోతుంది. 6, 7 అంగుళాలకి కుదించండి. ఇనుప పనివాళ్లు ఊచలు కట్టే బైండింగ్ వైరు నాలుగు పోగులు మెలిపెట్టి, పైన పురికొస చుట్టి, ఫెవికాల్ పూసి ఎండనివ్వాలి. అడుగున ఒక రూపాయి నాణెమంత ఇనుప వాషరు అతికిస్తే పడదు. ఆకులు 2 అంగుళాల కాగితపు ముక్కలు. పొడవునా మడిచి, మడత విప్పకుండా ఏటవాలుగా కత్తిరించి, విప్పి వంచండి. కాగితానికి రెండు వైపులా రంగు వేశాకే కత్తిరించాలి, తర్వాత వేస్తే ఆకులన్నీ అంటుకుపోతాయి. చెట్టుకి 9 నుంచి 12 ఆకులు చాలు. కోరంగి మడ అడవి చేసేవాళ్లు చెట్ల కంటే బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్ల మీద శ్రద్ధ పెట్టండి. పాత బ్రష్షు కుచ్చులు 4, 5 మి.మీ. ముక్కలు నిలువుగా గుచ్చితే సరిపోతుంది.

ఇళ్లల్లో మండువా లోగిలిని మించిన ఆట పటం లేదు. నడుమ ఆకాశం కనబడే మండువా, చుట్టూ వసారా, దాని చుట్టూ గదులు, ముందూ వెనకా తలుపులు. ఎటు నుంచైనా ఎటైనా పోవచ్చు, దాక్కోవచ్చు. 10 × 10 గళ్లలో మండువా 2 × 2, వసారా చుట్టూ ఒక్కో గడి, మిగిలిన మూడేసి గళ్లు గదులు. గోడలు 2 అంగుళాల ఎత్తు మించితే లోపలికి చెయ్యి పట్టదు. కప్పు ఊడొచ్చేలా నాలుగు ముక్కలుగా చేయాలి. పెంకులకి అట్టపెట్టె పై పొరని తడిగుడ్డతో నానబెట్టి ఒలిస్తే లోపలి ముడతలు బయటపడతాయి. ముడతలు చూరు వైపు పారేలా పెట్టి ఇటుక రంగు వేయండి. గుడిసె కప్పుకి దువ్విన కొబ్బరి పీచు. సంక్రాంతికి బొమ్మల కొలువులో పల్లెటూరు పేర్చే ఇళ్లల్లో ఈ పనులు సగం ఇప్పటికే వచ్చు. కొలతకి కట్టుబడడం ఒక్కటే కొత్తగా నేర్చుకోవాలి.

రంగులకి చిన్న సీసాలు కొనడం దండగ. లీటరు తెల్ల ఎమల్షన్, నలుపు, పసుపు, ఎరుపు మట్టి స్టెయినర్లు (ఎమల్షన్‌లో కలిపే చిక్కటి రంగులు) ఉంటే నేలంతా అయిపోతుంది. స్టెయినరు మరీ ఎక్కువ కలిపితే రంగు జిగట వదలదు, ముదురు రంగులకి నల్ల ఎమల్షనే కొనుక్కోండి. ముందు ఒక పాలు ఫెవికాల్, రెండు పాళ్లు నల్లరంగు కలిపి ఎక్కడా తెల్లపూస కనబడకుండా పూయాలి. అది ఎండాక ముదురు మట్టి రంగు, దాని మీద బ్రష్షుకి రంగు అంటించి గుడ్డకి దాదాపు అంతా తుడిచేసి ఎత్తుల మీద మాత్రమే రాసే లేత రంగు.

నీటికి నీలం వేయకండి. వరద గోదావరి ఎర్రమట్టి రంగు, వేసవి కాలువ ముదురు ఆకుపచ్చ. నడుమ ముదురు, అంచులకి లేత. మెరుపు కోసం ఫెవికాల్ పూతలు వేసేవాళ్లున్నారు. పల్చగా నాలుగైదు పూతలైతే ఎండాక గాజులాగే ఉంటుంది, మందంగా పోస్తే లోపల పాలలా తెల్లగా ఉండిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు, వాన ముసురు పట్టగానే ఆ పొర మళ్లీ మెత్తబడి జిగురుగా మారుతుంది. రాత్రంతా వదిలేసిన బొమ్మ పొద్దున్నకి కాలువకి అతుక్కుపోయి ఉంటుంది, లాగితే నీరూ ఊడొస్తుంది. కాబట్టి ఆఖరున వాటర్‌బేస్డ్ క్లియర్ వార్నిష్ రెండు పూతలు తప్పనిసరి. ఎపాక్సీ రెజిన్ పోసేవాళ్లు డబ్బా మీది పాళ్లు తూచి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. ఒక్కసారికి 3 మి.మీ. మించకుండా పోయాలి, ముందుగా పలక అంచులకి టేపు వేసి సందులన్నీ మూయాలి. నీరు కారని సందులోంచి కూడా రెజిన్ తెల్లారేసరికి కారిపోతుంది. మెరుపు తీసే మ్యాట్ స్ప్రే తేమ ఎక్కువున్న రోజు కొడితే పైన తెల్లటి మసక కమ్ముతుంది. ఎండ కాసే రోజు మధ్యాహ్నం కొట్టాలి, లేదా బ్రష్షుతో పూసే రకం వాడాలి. థర్మకోల్ ఎక్కడా బయటపడి లేదని చూసుకున్నాకే ఏ స్ప్రే అయినా.

వరదని ఆటలోకి తేవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక మ్యాపు గీసి దాని మీద మూడు ఓహెచ్‌పీ షీట్లు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు) పెట్టండి. మొదటిదాని మీద మునిగే లంక చేలు, రెండోదాని మీద కాజ్‌వేలు, రోడ్లు, మూడోదాని మీద ఇళ్ల గడపలు మట్టిరంగు మార్కరుతో నింపాలి. ఏ హెచ్చరికకి ఏది మునగాలన్నది మీ లంకని బట్టి మీరే తేల్చుకోండి. కథ నడిపేవాళ్లు మట్టం పెరిగినప్పుడల్లా ఒక్కో షీటు దించుతారు. షీట్లు కదలకుండా నాలుగు మూలలా ఒకేచోట రంధ్రాలు చేసి గుండుసూదులు గుచ్చాలి. ఎత్తుపల్లాలు సరిగ్గా పెట్టి గీసిన మ్యాపు మీదే ఈ షీట్లు నమ్మేలా ఉంటాయి. నది పక్క మెరక మునగకముందే దూరపు పల్లం మునగడం చూసి కొత్త ఆటగాళ్లు ఆశ్చర్యపోతారు. మురుగు కాలువ వెనక్కి తన్నిందని చెప్పండి.

చివరగా ఒక విన్నపం. మీ ఆదివారం అనుబంధంలో ఒక్క పేజీ ఈ ఆటకి కేటాయించి ఖాళీ గళ్ల మ్యాపు వేయండి. మామూలు పత్రిక పేజీలో అంగుళం గళ్లు 13 × 20 దాదాపుగా పడతాయి. పేజీ తయారుచేసేవారికి మూడు మాటలు చెప్పండి. గడి కచ్చితంగా 25.4 మి.మీ. ఉండాలి, పేజీకి సరిపోలేదని కుదించకూడదు, కావాలంటే ఒక వరస తీసేయాలి. గీతలు నల్లగా కాకుండా లేత బూడిద రంగులో ఉండాలి, నల్ల గీత న్యూస్‌ప్రింటు మీద పాకి గడి మూల తెలియకుండా పోతుంది. ఆ పేజీ వెనక వైపు పెద్ద నల్ల ప్రకటన వేయకూడదు, అతికించాక ఇవతలికి కనబడుతుంది. పాఠకులు దాన్ని మిల్లు బోర్డు మీద అతికించేటప్పుడు జిగురు కాగితానికి కాకుండా బోర్డుకి పూయాలి. న్యూస్‌ప్రింటు తడిస్తే సాగి గళ్లు పెరుగుతాయి. బోర్డు వెనక పాత పత్రిక కాగితం ఒకటి అలాగే అతికించి, పైన బరువు పెట్టి ఒక రోజు వదిలేయాలి.

ఇట్లు,
కొందరు పాఠకులు,
అమలాపురం.